రెండో మెట్టు

మార్చి 2

స్టాండు కొనాలి. తప్పంతా స్టాండుదే.

అమ్మాయికి ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. ఐదు వారాలు కట్టు ఉండాలన్నారు. వంతెన దాటాక మలుపులో మోటార్‌సైకిలు వెనక చక్రం నట్టు వదులై, చక్రం పక్కకి జరిగి, చైను ఊడి ఇరుక్కుంది. బండి ఉన్నపళంగా బిగుసుకుపోయింది, పిల్ల ఎగిరి పడింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు సమయానికి బ్రేకు తొక్కాడు కాబట్టి నేనిలా కూర్చుని రాస్తున్నాను.

ఆ నట్టు అంతకు నాలుగు రోజుల ముందు బిగించింది నేనే.

ఆసుపత్రిలో లారీ డ్రైవరు "నట్టు సరిగ్గా బిగించి ఉండరమ్మా" అంటే, అంత నొప్పిలోనూ అమ్మాయి ఊరుకోలేదు. "అది మాత్రం కాదండీ. మా నాన్న బిగిస్తే ఇంక చూసుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో పనిచేశాడు, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు" అంది. నేను పక్కనే ఉన్నాను. మందుల చీటీ చదువుతున్నట్టు తల దించుకున్నాను.

సంగతేమిటంటే, బండికి సెంటర్ స్టాండు లేదు. గతుకుల్లో నేలకి తగులుతోందని అమ్మాయే తీయించేసింది. సైడ్ స్టాండు మీద బండి వాలి ఉంటుంది. నేల మీద చతికిలబడి, ఒక చేత్తో బండిని ఆపుతూ రెండో చేత్తో స్పానర్ లాగాలి. పూర్తి బలం పెడితే బండి మీదకొస్తుంది. కాబట్టి పూర్తి బలం పెట్టలేం. అంతే, ఇందులో ఇంక ఆలోచించేదేముంది? డిపోలో బస్సు కింద గొయ్యి ఉండేది, నిలబడి పని చేసేవాళ్ళం. అక్కడ నేను బిగించిన నట్టు ఒక్కటైనా వదులైందా?

కట్టు విప్పేది ఏప్రిల్ 6న. మర్నాటి నుంచే పనికి వెళ్తానంటోంది. ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్ళు తీసుకుని ల్యాబులో ఇచ్చే పని, రోజుకి అరవై కిలోమీటర్లు. ఆలోగా బండి సిద్ధం కావాలి. బయటి మెకానిక్‌కి ఇవ్వను. ఇస్తే ఒప్పుకున్నట్టే. ఏం ఒప్పుకున్నట్టో రాయక్కర్లేదు, ఒప్పుకోవడానికి ఏమీ లేదు.

మార్చి 4

ఈ పెన్ను బాగాలేదు. అక్షరాలు చీమలంత అయిపోతున్నాయి. మార్చాలి.

మార్చి 6

స్టాండ్ల షాపుకి వెళ్ళాను. షాపావిడకి సరుకు మీద పట్టుంది, అది ఒప్పుకోవాలి. మూడు రకాలు చూపించింది. ఒకటి పాడాక్ స్టాండు: వెనక చక్రం పక్కన తగిలించి, పొడుగాటి పిడిని నేలకి తొక్కితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. రెండోది జాకీ: ఇంజను కింద పెట్టి తిప్పితే బండి మొత్తం లేస్తుంది, కాని ఆసరా అంతా నడుమ ఒక్కచోటే. మూడోది హైడ్రాలిక్ లిఫ్టు: మంచమంత బల్ల, బండిని దాని మీదకెక్కించి ముందు చక్రం బిగించి, కాలితో పంపు కొడితే నడుం ఎత్తుకి వస్తుంది.

"ఎవరు వాడతారండీ?" అని అడిగింది.

"నేనే."

ఒకసారి నా వైపు ఎగాదిగా చూసింది. "అయితే లిఫ్టు తీసుకోండి. పాడాక్ ఎక్కించాలంటే ఒకళ్ళు బండి నిలబెట్టాలి, ఒకళ్ళు పిడి తొక్కాలి. ఇద్దరుండాలి."

ఒళ్ళు మండింది. "ముప్పై ఏళ్ళుగా ఒక్కణ్ణే చేసుకుంటున్నానమ్మా" అని పాడాక్ స్టాండే తెచ్చాను. లిఫ్టు చేతకానివాళ్ళకి.

ఒక్కణ్ణే అన్నాను కాని, మా ఆవిడ లైటు పట్టుకుంటుంది. అడిగిన స్పానర్ అందిస్తుంది. పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిది అన్నీ నంబరు చూడకుండానే తీస్తుంది. అంతే, ఇంకేం చెయ్యదు.

మార్చి 9

పాడాక్ స్టాండు బ్రహ్మాండం. ఆవిడ బండి నిలబెట్టింది, నేను పిడి తొక్కాను. వెనక చక్రం తీసి, చైను కొత్తది వేసి, చక్రం ఎక్కించి నట్టు బిగించాను. ఈసారి రెండు చేతులూ ఖాళీ, బలమంతా పెట్టాను. వంకరపోయిన హ్యాండిల్ కూడా మార్చాను, దాని నాలుగు బోల్టులూ బిగించాను.

ఆపైన డిపో పద్ధతిలో తెల్ల పెయింటుతో గీతలు గీశాను. బోల్టు బిగించాక దాని తల మీంచి పక్కనున్న ఇనుము మీదకి ఒకే గీత లాగాలి. బోల్టు వీసమెత్తు తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. బిగించినవాడే గీయాలి, గీసినవాడిదే బాధ్యత. ఆ పద్ధతి డిపోలో పెట్టించింది నేనే.

గీతలనగానే నిదానం గుర్తొచ్చాడు. మా కింద పనిచేసిన మెకానిక్కు. ఏ పని చెప్పినా "నిదానం సార్, నిదానం" అనేవాడు, అదే పేరైపోయింది. ఆరడుగుల మనిషి. చివర్లో అతను బిగించి వెళ్ళిన నట్ల మీద స్పానర్ వేసి చూస్తే పావు మలుపు తిరిగేవి. మూడు వారాలు చూసి పై ఆఫీసుకి కాగితం రాశాను. స్టోర్స్‌లోకి మార్చారు, ఆరు నెలలకి ఇంటికి పంపేశారు. నిబంధన ప్రకారమే రాశాను. అతనితో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

ఇప్పుడు ఇదెందుకు రాశానో తెలీదు.

మార్చి 10

పొద్దున్న చూస్తే మూడు గీతలు విరిగి ఉన్నాయి. వెనక నట్టుదీ, హ్యాండిల్ బోల్టుల్లో రెండింటివీ.

పాడాక్ స్టాండు అదురుతోంది. షెడ్డు నేల కూడా వాలుగా ఉంది, నీళ్ళు పోస్తే గేటు వైపు పారతాయి. గీతలు తుడిచి, అన్నీ వదులు చేసి మళ్ళీ బిగించి, మళ్ళీ గీశాను.

మార్చి 11

మళ్ళీ.

మార్చి 12

మళ్ళీ. అదురుడు కాదు. అమ్మాయేమో కట్టుతో ఉంది. ఎవరో ముట్టుకుంటున్నారు.

ఆవిణ్ణి అడిగాను. "బండి దగ్గరికెళ్ళావా?"

"ఊడవడానికి వెళ్ళాను. ఊడవొద్దంటే చెప్పండి, మానేస్తాను."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నాకు ఇలాంటి జవాబులే.  కుడి అరచేతికి ప్లాస్టరు వేసుకుంది, కూరగాయలు కోస్తుంటే తెగిందట. కత్తి అరచేతి మధ్యలో ఎలా దిగిందో మరి.

మార్చి 15

ఈమధ్య నాకు టీ సగం కప్పే ఇస్తోంది. అడిగితే "చల్లారిపోకుండా రెండుసార్లు తాగండి" అంది. మంచిదే.

నిర్ణయించాను: లిఫ్టే కొంటాను. షాపావిడ చెప్పిందని కాదు. పాడాక్ స్టాండు మీదైనా నేను వంగే పని చెయ్యాలి, వంగితే భుజంలో బలం రాదు. బండి నడుం ఎత్తున, సమంగా, కదలకుండా ఉంటే ఎవడు బిగించినా బిగుస్తుంది.

మార్చి 17

షాపులో లిఫ్టు లేదు, తెప్పించాలంటే నెల పడుతుందట. "వాడినది ఒకటుందండీ, అమ్మేస్తానన్నారు" అంటూ గోడకి అంటించిన కాగితం చూపించింది. చిరునామా రెండుసార్లు చదివాను. నిదానం ఇల్లు.

వెళ్ళను.

మార్చి 18

వెళ్ళను. నెల ఆగుతాను.

నెల ఆగితే ఏప్రిల్ 17 అవుతుంది. అమ్మాయి 7న బండెక్కుతుంది.

మార్చి 19

వెళ్ళాను.

తలుపు అతనే తీశాడు. పదకొండేళ్ళయింది. మొహం చాటేస్తాడేమో అనుకున్నాను, లేదా నాలుగు తిడతాడేమో. తిట్టినా బాగుండేది. "రండి సార్" అని కుర్చీ జరిపాడు. ఎడమ చేత్తో కుడిచేతిని పట్టుకుని ఉన్నాడు, పారిపోయే కోడిని అదిమిపట్టినట్టు. గోడ మీద వాళ్ళావిడ ఫోటో. పోయి ఏడాదయిందట. పక్కన అతనూ ఉన్నాడు ఆ ఫోటోలో, ఆవిడ తల అతని ఛాతీ దాకానే వచ్చింది.

టీ తెచ్చాడు. రెండు గ్లాసుల్లోనూ సగం సగమే. నా గ్లాసు నేనందుకుంటే అందులో టీ అల్లాడింది. ఆ అల్లాడటం చూసి నా మొహం చూశాడు.

"ఎప్పట్నించి సార్?"

"ఏంటి ఎప్పట్నించి?"

"ఏం లేదు సార్. లిఫ్టు చూద్దాం రండి."

డిపో వదిలాక ఇంటి దగ్గరే బండ్లు బాగుచేసేవాడట. లిఫ్టు శుభ్రంగా ఉంది. నూనె కారడం లేదు, పంపు మెత్తగా దిగుతోంది. పైకి లేచాక జారిపోకుండా పక్కన ఇనప కొక్కెం ఉంది. అది పడే మెట్లు ఐదు. రెండో మెట్టు దగ్గర తెల్ల పెయింటుతో చిన్న గీత కనిపించింది. ఆరడుగుల మనిషికి రెండో మెట్టు మోకాలి మీదకి కూడా రాదు.

"ఇంత కిందేం చేసేవాడివి?" అని అడిగాను.

"అది నా ఎత్తు కాదు సార్" అన్నాడు. నేను డబ్బులిచ్చి వ్యాన్‌వాణ్ణి పిలిచాను.

వ్యాన్‌లోకి ఎక్కించాక గేటు దాకా వచ్చాడు. "ఆ కాగితం మీరు రాసింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు సార్. నట్లు వదులుగానే ఉన్నాయి. ఏదైనా బస్సు బోల్తా పడితే నాకు నిద్ర పట్టేదా? కాని రాసే ముందు నన్నో పక్కకి పిలిచి, ఒరే నీ చెయ్యి ఆగట్లేదురా అని ఒక్క మాటంటే బాగుండేది. ఆఫీసులో పదిమంది ముందు తెలిసింది నాకు."

తల కొట్టేసినట్టయింది. ఏదో అన్నాను, వ్యాన్‌వాడు తొందర పడుతున్నాడనో ఏదో. దారంతా నా చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 21

లిఫ్టు షెడ్డులో బిగించాను. నేల వాలుకి కింద ఇనప ముక్కలు పెట్టి, రసమట్టం వేసి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగో మెట్టు నాకు సరిగ్గా నడుం ఎత్తు. నేల మీద రంపప్పొట్టు చల్లాను, నూనె చుక్కలు పీల్చుకోవడానికి. డిపో అలవాటు.

అమ్మాయి కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వచ్చి చూసింది. "అబ్బో, ఆపరేషన్ థియేటర్‌లా ఉంది నాన్నా" అంది. నవ్వుకున్నాం. చాలా రోజులకి నవ్వాను.

మార్చి 23

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి, రేపు ఏదీ మర్చిపోకుండా.

బండి సమంగా ఉంది. కదలడం లేదు. నేను నిటారుగా నిలబడ్డాను. వెనక చక్రం నట్టుకి పందొమ్మిది స్పానర్ వేసి రెండు చేతులతో, భుజం కలిపి, ఇంక తిరగదనేదాకా లాగాను. ముందు చక్రం నట్టు అలాగే. హ్యాండిల్ బోల్టులు నాలుగూ అలాగే. ఒక్కోదానికీ గీత. మొత్తం ఆరు గీతలు. గీతలు కాస్త వణికాయి, పెయింటు పాతది.

ఇంక స్టాండు మీద చెప్పడానికి ఏమీ లేదు. ఇంతకంటే మంచి స్టాండు ఎక్కడా ఉండదు.

మార్చి 24

ఆరూ విరిగాయి.

మార్చి 25

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. ఇవాళ పూర్తిగా రాస్తాను, నా మీద నేనే కాగితం రాసుకుంటున్నట్టు.

మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను, రాయలేదు. గీతలు విరిగింది వదులయ్యే వైపు కాదు. ప్రతిసారీ, ప్రతి ఒక్కటీ, బిగుసుకునే వైపే తిరిగింది. అదురుడికి నట్టు వదులవుతుంది, బిగుసుకోదు. ఆ సంగతి డిపోలో చేరిన మొదటి వారంలో నేర్పుతారు. వెనక నట్టు పావు మలుపు పైనే తిరిగింది. నిదానం నట్లు కూడా అంతే తిరిగేవి.

అంటే నేను బలమంతా పెట్టి బిగించిన తర్వాత కూడా వాటిలో పావు మలుపు మిగిలే ఉంది.

రంపప్పొట్టులో నాలుగు గుంటలున్నాయి. మూడు లోతుగా, ఒకటి పైపైన. అవి వంటింటి స్టూలు కాళ్ళవి. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, సరిచేస్తానని నాలుగేళ్ళ నుంచీ చెబుతున్నాను. మా ఆవిడ నా భుజం కిందకి వస్తుంది. నాలుగో మెట్టు మీదున్న బండి నట్టు ఆవిడకి గుండెలెత్తున ఉంటుంది. ఒంటి బరువంతా పైనుంచి వేస్తే గాని ఆ నట్టు కదలదు, అందుకని ఊగే స్టూలెక్కింది. లిఫ్టు రాకముందు నేల మీద పడుకుని చేసి ఉంటుంది. అరచెయ్యి తెగింది కత్తికి కాదు.

తెల్లారగట్ల మేము లేవకముందే చేస్తోంది. పాలు కాచే ముందు.

సిగ్గుగా ఉంది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. ఒక్క మాటంటే ఏం పోయేది అనుకున్నాను. అచ్చం నిదానం అన్న మాటే. కాని ఆవిడ నాలా పైకి కాగితం రాయలేదు. స్పానర్ తీసుకుని వెళ్ళి బిగించింది.

మార్చి 26

సాయంత్రం ఇద్దరూ వంటింట్లో ఉండగా షెడ్డులోకి వెళ్ళి లిఫ్టు దించాను. మూడో మెట్టు చూశాను, ఇంకా ఎత్తే. రెండో మెట్టుకి దించి కొక్కెం పడేశాను. నిదానం గీసిన గీత దగ్గరే ఆగింది. వాళ్ళావిడ ఎత్తు అది. అతనికీ ఇలాగే గడిచిందన్నమాట, ఆవిడ పోయేదాకా. పోయాక లిఫ్టుతో పని లేకపోయింది. అడగకుండా వచ్చేశాను అప్పుడు.

పందొమ్మిది స్పానర్ బల్ల మీద పెట్టి, స్టూలు తీసుకుని వచ్చేశాను. దాని పొట్టి కాలికి చెక్కముక్క కొట్టాను. మేకు మూడుసార్లు పక్కకి పోయింది.

మార్చి 27

గడియారం నాలుగున్నరకి పెట్టుకోలేదు, మెలకువే ఉంది. ఆవిడ లేచి వెళ్ళిన కాసేపటికి నేనూ వెళ్ళాను. షెడ్డు దీపం కింద, దిగిన లిఫ్టు వైపు చూస్తూ నిలబడి ఉంది. చేతిలో స్పానర్.

"మీరెందుకు లేచారు?"

"లైటు పట్టుకుందామని."

స్పానర్ నట్టుకి వేసింది. బిగించడం మొదలుపెట్టింది. ఆ ఎత్తు సరిగ్గా సరిపోయింది, వీపు వంచకుండా లాగుతోంది. నేను టార్చి పట్టుకున్నాను. వెలుగు నట్టు మీద నిలవకుండా ఊగుతుంటే రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను.

"ఇటు, ఇటు. నా కళ్ళలోకి కాదు" అని కసిరింది. ముప్పై నాలుగేళ్ళు నేను ఆవిణ్ణి కసిరిన మాటే.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాను.

"చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టినప్పట్నించి." స్పానర్ పక్కన పెట్టింది. "బండి సంగతి తట్టలేదండీ. చేతులకి అలవాటైన పని కదా, అది పోదనుకున్నాను. పిల్ల పడ్డాక తట్టింది."

అప్పుడు ఏడ్చింది. నేను లైటు పట్టుకునే ఉన్నాను, ఆర్పాలని తోచలేదు.

కాసేపయ్యాక పెయింటు డబ్బా అందించాను. "గీత నువ్వే గియ్యి. బిగించినవాళ్ళే గీయాలి."

మార్చి 30

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఏదో సంతకం పెట్టమన్నాడు, గాల్లో చెయ్యి చాపమన్నాడు, నడవమన్నాడు. మందు రాశాడు. వణుకుడు జబ్బట, పూర్తిగా తగ్గదు, మందులతో నెమ్మదిస్తుందట. అక్షరాలు చిన్నవవడమూ దానివల్లేనట, పెన్ను తప్పేం లేదన్నమాట.

ఏప్రిల్ 5

అమ్మాయికి చెప్పాను. ఆవిడ చెబుతానంది, వద్దన్నాను. పదిమంది నోట తెలియకూడదు.

"ఆ రోజు నట్టు స్టాండు వల్ల వదులవలేదు. నేను సరిగ్గా బిగించలేదు. బిగించాననే అనుకున్నాను. నా చేతిలో బలం లేదు, చాలా నెలలుగా లేదు. అనుమానం వచ్చినా నీకు చెప్పలేదు."

చాలాసేపు కట్టు మీద దారం పీకుతూ కూర్చుంది. నాన్నా పోనీలే అంటుందేమో అని నేను ఎదురుచూశాను, అబద్ధమెందుకు.

"అనుమానం ఎప్పుడొచ్చింది?" అంది.

"ఫలానా రోజని చెప్పాలంటే..."

"రోజు వద్దు. నేను పడకముందా, పడ్డాకా?"

"ముందే."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం తల్లి దగ్గర తింది.

ఏప్రిల్ 6

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడిపోయింది, తెల్లగా ఉంది. నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 7

తెల్లవారుజామున ఆవిడ ఆరు నట్లూ బిగించి ఆరు గీతలు గీసింది. నేను లైటు పట్టుకున్నాను. ఆవిడ గీతలు లావుగా, కాస్త వంకరగా ఉంటాయి.

ఎనిమిదింటికి అమ్మాయి శాంపిళ్ళ పెట్టె భుజానికి తగిలించుకుని వచ్చింది. హెల్మెట్ పెట్టుకుంది. బండి ఎక్కబోయి ఆగింది. పెట్టె గట్టు మీద దించి, హెల్మెట్ తీసి, మోకాలి మీద కూర్చుని వెనక నట్టు గీత చూసింది. వేలితో తడిమింది. లేచి ముందు చక్రం దగ్గరికి వెళ్ళి అక్కడా చూసింది. హ్యాండిల్ నాలుగూ చూసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఆరేళ్ళుగా ఈ బండి నడుపుతోంది. ఒక్కసారి కూడా వంగి చూసి ఎరగదు.

"రోజూ అలాగే చూసుకో" అన్నాను.

"చూసుకుంటాను" అంది.